పాత క్రోనోగ్రాఫులకు కొత్త కొలతలు

లోలకముయొక్క డోలనకాలమును కనుగొను ప్రయోగములో విద్యార్థి స్టాప్ వాచీని చేతబట్టుకొనును. మీట నొక్కగానే ముల్లు బయలుదేరును. రెండవసారి నొక్కిన నిలిచిపోవును. మూడవసారి నొక్కిన ఎక్కడనున్నను సున్నవద్దకు వచ్చి చేరును. ఈ పనిముట్టును, గంటలు నిమిషములు చూపు మామూలు గడియారమును ఒకే పెట్టెలో ఇమిడ్చి మణికట్టునకు కట్టుకొన్నచో దానిని క్రోనోగ్రాఫు అందురు. గ్రీకు భాషలో 'క్రోనోస్' అనగా కాలము, 'గ్రాఫైన్' అనగా వ్రాయుట. 1821లో పారిసు నగరమున షాన్ ద మార్స్ మైదానములో జరిగిన గుర్రపు పందెములకు నికొలా రియొసెక్ అను గడియారముల నిపుణుడు తెచ్చిన యంత్రము నిజముగనే వ్రాసినది. గుర్రము గమ్యము చేరగానే తిరుగుచున్న డయలుమీద సిరాచుక్క పడెడిది. నేటి క్రోనోగ్రాఫులు ఏమియు వ్రాయవు. పేరు మాత్రము నిలిచిపోయినది.

గత ముప్పది ఏండ్లకు పైగా స్విట్జర్లాండులోని గడియారముల కంపెనీలు 1950 మొదలు 1970 వరకు వచ్చిన తమ పాత క్రోనోగ్రాఫులను, పాత పుస్తకములను పునర్ముద్రించినట్లు, మరల తయారుచేసి అమ్ముచున్నవి. అట్టి గడియారము క్రొత్తగా వెలువడినప్పుడెల్ల ఔత్సాహికులు మొదట అడుగు ప్రశ్న అది రోజునకు ఎన్ని సెకన్లు తప్పును అని కాదు; దాని కేసు వ్యాసము ఎన్ని మిల్లిమీటర్లు అని. పాతవి చాలవరకు 35 మొదలు 39 మి.మీ. లోపల నుండెడివి. కొత్తవి 39, 40, 42, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు వచ్చుచున్నవి. పాత రూపమును చూపి పెద్ద కొలతను అంటగట్టుట మోసమని ఒక పక్షమువారు, నేటి చేతులకు నేటి కొలతలే తగునని మరియొక పక్షమువారు వాదింతురు. చూపునకు ఇది దర్జీవద్ద జరుగు తగవువలె నుండును. విజ్ఞానశాస్త్ర పత్రికలో దీనికి చోటెందుకని పాఠకులు అడుగవచ్చును. కాని ఆ మిల్లిమీటర్లు ఎక్కడనుండి వచ్చినవో వెదకినచో యంత్రశాస్త్రము, రేఖాగణితము, కంటిచూపు మూడును అందులో కలిసియున్నట్లు తెలియును. అంతకన్న ముఖ్యముగా, వస్తువు పరిమాణమును ఒకే ఒక సంఖ్యతో చెప్పుట ఎంత ప్రమాదకరమో కూడ తెలియును.

ముందు లోపలి యంత్రమును చూతము. క్రోనోగ్రాఫులో అన్నిటికన్న చమత్కారమైన భాగము గుండె ఆకారమున నుండు చిన్న ఉక్కుబిళ్ల. 1844లో అడాల్ఫ్ నికోల్ అను స్విస్ నిపుణుడు దీనికి ఇంగ్లండులో పేటెంటు పొందెను. సెకన్ల ముల్లు ఇరుసునకే ఈ బిళ్ల బిగించియుండును. కేంద్రమునుండి బిళ్ల అంచునకు గల దూరము గుండె నొక్కువద్ద అతిస్వల్పము. అక్కడనుండి రెండువైపుల క్రమముగా పెరుగుచు ఎదుటి కొనవద్ద అత్యధికమగును. సున్నకు మరలించు మీటను నొక్కినప్పుడు ఒక చిన్న సుత్తి ఈ అంచుమీద పడును. సుత్తి ఎక్కడ పడినను వాలు వెంబడి జారి నొక్కులోనికే పోవలెను. సుత్తి చోటు మారదు కాబట్టి బిళ్లయే తిరుగును, దానితోపాటు ముల్లును తిరుగును. ముల్లు 10వ సెకనువద్ద నున్నచో వెనుకకును, 50వ సెకనువద్ద నున్నచో ముందునకును తిరిగి సున్నను చేరును. దగ్గరిదారి ఏదో బిళ్లయొక్క ఆకారమే నిర్ణయించును. ఉపాధ్యాయులు మందపు అట్టతో ఇట్టి బిళ్లను కత్తిరించి, మధ్య గుండుసూది గ్రుచ్చి, అంచుమీద స్కేలును నొక్కి తరగతిలో చూపవచ్చును. ఒక్క నిమిషపు పని. పిల్లలు దానిని మరచిపోరు.

ముల్లును నడుపుటకు, ఆపుటకు వేరు ఏర్పాటు కలదు. మామూలు గడియారపు చక్రము ఎల్లప్పుడును తిరుగుచునే యుండును. మీట నొక్కినప్పుడు ఒక పండ్ల చక్రము ప్రక్కకు జరిగి ఆ చలనమును క్రోనోగ్రాఫు చక్రమునకు అందించును. మోటారు బండిలో క్లచ్చి చేయు పని ఇదియే. ఏ మీట ఎప్పుడు కదలవలెనో చెప్పుటకు పాత యంత్రములలో చిన్న చిన్న స్తంభములు నిలిపిన చక్రము ఉండెడిది. తరువాత ఖర్చు తగ్గించుటకై దాని స్థానమున మెట్లుగా కోసిన పలుచని ఉక్కుబిళ్లలను పెట్టిరి. మొత్తముమీద మామూలు గడియారపు యంత్రముపైన మీటలు, స్ప్రింగులు, చక్రములు మరియొక అంతస్తుగా నిలిచినవి. అందుచేత క్రోనోగ్రాఫు ఎప్పుడును తన తోటి గడియారములకన్న కొంచెము లావుగానే ఉండును. అయినను పాత పనివారు ఆ అంతస్తును ఎంతో పొదుపుగా కట్టిరి. ఒమెగా కంపెనీవారి 321 అను యంత్రము వ్యాసము 27 మి.మీ. మాత్రమే, మందము 7 మి.మీ. లోపే. కేసు గోడలకు, గాజునకు చోటు విడిచినను అటువంటి యంత్రమునకు 36 మి.మీ. గల కేసు చాలును.

చాలునని చూపిన ఉదాహరణ హోయర్ కంపెనీవారి కరేరా. 1963లో జాక్ హోయర్ రూపొందించిన ఈ గడియారము వ్యాసము 36 మి.మీ. మోటారు పందెములవారు క్షణములో చదువుకొనదగినట్లు డయలు నిర్మలముగా నుండవలెనని ఆయన ఉద్దేశము. అయితే సెకనులో అయిదవ వంతులను చూపు గీతలను ఎక్కడ వేయుట? ఆ కాలపు ప్లాస్టిక్ గాజును నీరు చొరకుండ బిగించుటకు లోపల ఒక ఉక్కువలయము ఉండెడిది. ఆయన ఆ వలయపు ఏటవాలు గోడమీదనే గీతలను అచ్చువేయించెను. డయలు ఖాళీ అయినది. గడియారము ఒక్క మిల్లిమీటరైనను పెరుగలేదు. అంతకు ఆరేండ్ల ముందు, 1957లో, ఒమెగావారు తమ స్పీడ్‌మాస్టరులో వేగమును చూపు టాకీమీటరు అంకెలను డయలుమీదనుండి తీసి బయటి అంచు వలయముమీదకు తరలించిరి. కిలోమీటరు దూరమునకు t సెకన్లు పట్టినచో గంటకు వేగము 3600ను t చేత భాగింపగా వచ్చిన కిలోమీటర్లు. 60 సెకన్లకు 60, 30 సెకన్లకు 120. ఈ స్కేలులో గీతల ఎడములు సమానముగా ఉండవు. విలోమానుపాతమునకు ఇంత చక్కని గీసిన ఉదాహరణ మరియొకటి చేతికి దొరకదు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూతము. డయలు పెద్దదైనచో కొలత మరింత కచ్చితమగునని పెద్ద కేసుల పక్షమువారిలో కొందరందురు. గీతల వలయముయొక్క వ్యాసము 30 మి.మీ. అనుకొందము. చుట్టుకొలత సుమారు 94 మి.మీ. నిమిషమునకు 60 సెకన్లు, సెకనునకు 5 భాగములు, మొత్తము 300. రెండు గీతల నడుమ 0.31 మి.మీ. ఎడము వచ్చును. వలయమును 36 మి.మీ.కు పెంచినచో ఎడము 0.38 మి.మీ. అగును. ఆరోగ్యవంతమైన కన్ను 25 సెంటీమీటర్ల దూరమున సుమారు 0.07 మి.మీ. ఎడము గల బిందువులను వేరుచేసి చూడగలదు. కావున రెండు వలయములును చదువదగినవే. పైగా ఈ యంత్రముల బాలెన్సు చక్రము గంటకు 18,000 కొట్టుళ్లు కొట్టును, అనగా సెకనునకు అయిదు. ముల్లు అయిదవ వంతునుండి అయిదవ వంతునకు గంతులు వేయును. రెండు గీతల నడుమ అది నిలువజాలదు. అన్నిటిని మించి, కన్ను చూచి వ్రేలు నొక్కుటకు మనిషికి పట్టు కాలమే సుమారు సెకనులో అయిదవ వంతు. డయలు ఎంత పెంచినను ఈ దోషము పోదు.

మరి కొలతను నిజముగా మెరుగుపరచు మార్గమేది? కొట్టుళ్ల సంఖ్యను పెంచుట. 1969 జనవరిలో జెనిత్ కంపెనీవారు ప్రకటించిన ఎల్ ప్రిమేరో యంత్రము గంటకు 36,000 కొట్టును. సెకనులో పదవ వంతును చూపగలదు. అది మొదట వచ్చిన కేసులలో ఒకదాని వ్యాసము 38 మి.మీ. ఇందు చిక్కేమనగా నిమిషమునకు 600 గీతలు కావలెను, 30 మి.మీ. వలయముమీద ఎడము 0.16 మి.మీ.కు పడిపోవును. చదువుట కష్టమే. 2021లో అదే రూపమును అదే 38 మి.మీ. కొలతలో మరల వెలువరించినప్పుడు జెనిత్‌వారు కేసును పెంచలేదు. మధ్యనున్న క్రోనోగ్రాఫు ముల్లును నిమిషమునకు ఒక చుట్టు గాక పది సెకన్లకు ఒక చుట్టు తిరుగునట్లు చక్రములను మార్చిరి. ఇప్పుడు చుట్టునకు నూరు గీతలే; ఎడము 0.94 మి.మీ. కేసును ఎంత పెంచినను రాని స్పష్టత పండ్ల చక్రముల నిష్పత్తిని మార్చుటచేత వచ్చినది. నా దృష్టిలో ఈ పునర్నిర్మాణములన్నిటిలో బుద్ధికుశలత ఎక్కువగా కనబడునది ఇదియే.

కొలమానపు అవసరము కానప్పుడు కేసులు ఎందుకు పెరిగినవి? కారణములు కొన్ని యంత్రములోను, కొన్ని మనుష్యులలోను ఉన్నవి.

1969వ సంవత్సరము వరకు క్రోనోగ్రాఫులకు ప్రతిదినము చేతితో కీ ఇవ్వవలసియుండెను. చేయి కదలికచేత తనంతట కీ ఎక్కు క్రోనోగ్రాఫులు ఆ ఒక్క ఏటనే మూడు దిక్కులనుండి వచ్చినవి: జెనిత్‌వారిది ఒకటి, హోయర్, బ్రైట్లింగ్, హామిల్టన్-బ్యూరన్ మొదలగు కంపెనీలు కలిసి చేసినది ఒకటి, జపానులో సీకోవారిది ఒకటి. స్వయముగా కీ ఎక్కుటకు యంత్రమునకు ఒక బరువైన అర్ధచంద్రాకారపు పళ్లెము కావలెను. అది అడ్డులేక తిరుగుటకు పైన, క్రింద ఖాళీ కావలెను. 1974 ప్రాంతమున వచ్చి నేటికిని లెక్కకు మించిన కంపెనీలు వాడుచున్న వాల్జూ 7750 అను యంత్రము వ్యాసము 30 మి.మీ., మందము 7.9 మి.మీ. 321తో పోల్చిన మందములో తేడా ఒక మిల్లిమీటరు పైచిలుకు మాత్రమే. కాని దానికి నీరు చొరని మూత, ఉబ్బెత్తు గాజు చేరగా మొత్తము మందము 14 మి.మీ. దాటుట సామాన్యము. 36 మి.మీ. వ్యాసమున అంత మందము నిలిపినచో అది గడియారమువలె గాక కుంకుమభరిణెవలె కనబడును. కావున రూపకర్తలు వ్యాసమునుకూడ పెంచి ఆకారమునకు పొంది కలిగింతురు. ఆ పొంది కంటికే గాని యంత్రమునకు అక్కరలేదు.

7750 యంత్రము మరియొక మార్పును తెచ్చినది. దానిలో చిన్న డయళ్లు 12, 9, 6 అంకెలవద్ద ఉండును. కరేరా, స్పీడ్‌మాస్టరు వంటి పాతవానిలో అవి 3, 6, 9 అంకెలవద్ద ఉండెడివి. అందుచేత 7750ను అట్లే పెట్టి పాత గడియారమును మరల చేసినచో ముఖమే మారిపోవును. దీనిని సరిదిద్దుటకు అదే యంత్రమున చక్రములను అటునిటు జరిపి 3, 6, 9 అమరిక గల రూపాంతరమునుకూడ తరువాత తయారుచేసిరి.

మనుష్యులలోని కారణమును ఫ్యాషను అని ఒక్క మాటలో చెప్పవచ్చును. 1988లో రోలెక్స్‌వారి డేటోనా 37 మి.మీ. నుండి 40 మి.మీ.కు పెరిగెను. 1993లో ఒడెమార్ పిగే కంపెనీ 42 మి.మీ. గల రాయల్ ఓక్ ఆఫ్‌షోర్‌ను తెచ్చినప్పుడు చాలమంది నోరు తెరచిరి. పదేండ్లలో 44, 45 మి.మీ. వాడుకలోనికి వచ్చినవి. మార్పు యంత్రము వలననే వచ్చినదని కంపెనీలు చెప్పుకొన్నను, 38 మి.మీ.లో 36,000 కొట్టుళ్ల స్వయంచాలక యంత్రమును 1969లోనే ఇమిడ్చిరను సంగతి ఆ వాదమును నిలువనీయదు.

2016లో ట్యాగ్ హోయర్ కంపెనీ ఒక వింత ప్రయోగము చేసెను. పదునారు పాత అటావియా క్రోనోగ్రాఫుల చిత్రములను ప్రజల ముందుంచి, దేనిని మరల తయారుచేయవలెనో ఓటు వేయుడని అడిగెను. కారు పందెముల వీరుడు యోఖెన్ రింట్ ధరించినందున ఆయన పేరుతో పిలువబడు 1960ల నాటి నమూనా గెలిచినది. దాని వ్యాసము సుమారు 39 మి.మీ. మరుసటి సంవత్సరము వెలువడిన కొత్త అటావియా వ్యాసము 42 మి.మీ. ఓటు వేసినవారిలో కొందరు తాము ఎన్నుకొన్నది దీనిని కాదనిరి. మూడు మిల్లిమీటర్లకు ఇంత గొడవ యేల అని ఎవరైనను అడిగినచో వైశాల్యమును లెక్కించి చూపవలెను. వృత్తవైశాల్యము వ్యాసార్ధపు వర్గమును అనుసరించి పెరుగును. 39 నుండి 42కు వ్యాసము నూటికి 8 వంతులకన్న తక్కువ పెరిగినను వైశాల్యము నూటికి 16 వంతులు పెరిగినది. 36 నుండి 42కు పోయినచో నూటికి 36 వంతులు. హామిల్టన్ కంపెనీ 1968 నాటి, ఇంచుమించు 36 మి.మీ. గల తన క్రోనోగ్రాఫును 2017లో మరల తెచ్చినప్పుడు జరిగినది ఇదియే. మరుసటి ఏడు వారు 40 మి.మీ.కు దిగివచ్చిరి. కన్ను వ్యాసమును గాక పరచుకొన్న వైశాల్యమును చూచును. కావున తగవులాడువారు వట్టి మొండివారు కారు.

అయితే ఇరుపక్షములవారును పట్టుకొని వ్రేలాడు ఆ వ్యాసము అను సంఖ్య సరియైన కొలతయేనా? ఇందుకు స్పీడ్‌మాస్టరునే సాక్షిగా పిలువవచ్చును. 1962 అక్టోబరు 3న వాలీ షిరా తన సొంత స్పీడ్‌మాస్టరును కట్టుకొని అంతరిక్షమునకు పోయెను. ఆ నమూనా 39.7 మి.మీ. కొలతతో 2012లోను, తరువాత 2024లోను మరల వెలువడినది. చంద్రగ్రహపు గడియారమని పేరుబడ్డ నమూనా వ్యాసము 42 మి.మీ. కాగితముమీద రెంటికిని రెండు మిల్లిమీటర్ల పైచిలుకు తేడా. కాని 1960ల నడుమ ఈ 42 ఎట్లు వచ్చినదో చూడుడు. కీ ఇచ్చు బొడిపెకు, మీటలకు దెబ్బ తగులకుండ కేసు కుడిప్రక్కను కొంచెము ఉబ్బెత్తుగా చేసిరి. పెరిగినది ఆ ప్రక్కయే, డయలు కాదు. పట్టీని తగిలించు కొమ్ముల కొననుండి ఎదుటి కొమ్ముల కొనవరకు కొలిచినచో రెండును ఇంచుమించు 48 మి.మీ. ఉండును. మణికట్టుమీద గడియారము ఇముడునా, అంచు దాటి బయటకు పొడుచుకొని వచ్చునా అనుదానిని నిర్ణయించునది ఈ నిలువు కొలతయే. వ్యాసము ఒక్కటే చూచి 42 తనకు పెద్దది, 39.7 సరిపోవును అనుకొన్నవాడు రెంటిని చేతికి కట్టి చూచిన ఆశ్చర్యపడును.

విద్యార్థులు దారముతో తమ మణికట్టు చుట్టుకొలతను తీసికొనవచ్చును. 16 సెంటీమీటర్లు వచ్చినదనుకొందము. మణికట్టు సరియైన వృత్తమైనచో వ్యాసము 51 మి.మీ. అగును. కాని అది వృత్తము కాదు. అడ్డముగా వెడల్పు, నిలువున దళసరి తక్కువ. అందుచేత వెడల్పు 51కి కొంత మించియుండును. రెండు చెక్కదిమ్మల నడుమ చేతిని ఉంచి ఆ వెడల్పును స్కేలుతో కొలువవచ్చును. అందులోను పైభాగమంతయు చదునుగా ఉండదు, అంచులు వాలియుండును. కొమ్ముల కొలత ఆ చదునైన భాగమును మించరాదు. తరగతిలోని నలుబది మంది కొలతలను పట్టికగా వ్రాసినచో ఒకే గడియారము కొందరికి ఎందుకు ఒప్పునో, కొందరికి ఎందుకు ఒప్పదో వాదన లేకుండగనే తేలును. బాలికలు, సన్నని చేతులు గలవారు దశాబ్దములపాటు ఈ లెక్కలో లేరను సంగతికూడ ఆ పట్టికయే చెప్పును.

కన్నుకూడ మోసపోవును. 1865లో బెల్జియము దేశస్థుడైన డెల్‌బ్యూఫ్ ఒక భ్రమను వర్ణించెను. సమానమైన రెండు వృత్తములలో ఒకదాని చుట్టు ఆనుకొన్నట్లుగా, రెండవదాని చుట్టు చాల ఎడముగా వలయము గీసినచో అవి రెండును సమానమనిపించవు. ఎడమైన వలయములోనిది చిన్నదిగా తోచును. నల్లని వెడల్పు అంచు గల గడియారము తన వ్యాసముకన్న చిన్నదిగాను, అంచు లేక డయలే అంతటను పరచుకొన్నది పెద్దదిగాను కనబడుట ఇట్టిదే. నలుపుకన్న తెలుపు విశాలముగా తోచుటయు తెలిసినదే. కావున 36 మి.మీ. కరేరా, తెల్లని డయలు, సన్నని అంచు గలది, చేతిమీద చిన్నదిగా కనబడదు.

పాతవన్నియు చిన్నవే అనుటయు సరికాదు. రెండవ ప్రపంచయుద్ధములో జర్మను విమానములలోనివారు చొక్కా చేతిపైన కట్టుకొన్న గడియారముల వ్యాసము 55 మి.మీ. అవి క్రోనోగ్రాఫులు కావు గాని, పెద్ద కేసు నేటి వింత కాదని చూపును. బ్రైట్లింగ్‌వారి నావిటైమరును 1959 నాటి కొలతలతో 2019లో మరల చేసినప్పుడు వ్యాసము 40.9 మి.మీ. అయినది. ఇక్కడ పెద్దతనమునకు కారణము కలదు. దాని అంచుమీద చక్రాకారపు స్లైడ్ రూలు ఉన్నది. విమానము నడుపువాడు వేగము, దూరము, ఇంధనము దానితో గుణించుకొనెడివాడు. సంవర్గమానపు స్కేలులో కచ్చితత్వము పొడవును బట్టి వచ్చును. వలయ వ్యాసము 36 మి.మీ. అనుకొన్నచో స్కేలు పొడవు 11 సెంటీమీటర్ల పైచిలుకు. ఇంజనీర్ల బల్లమీదనుండిన మామూలు స్లైడ్ రూలు 25 సెంటీమీటర్లు. ఇంకను కుదించినచో ఆ అంకెలు అలంకారమునకు తప్ప ఎందుకును పనికిరావు.

మరల తయారుచేయుట అనుమాటకు మరియొక అర్థము కలదు. నాకు కేసు వ్యాసముకన్న అది బరువైనదిగా తోచును. 2017లో ఒమెగావారు 1957 నాటి స్పీడ్‌మాస్టరును 38.6 మి.మీ. వ్యాసమున మరల చేసిరి. పాత గడియారమును అంకీయ పద్ధతిలో స్కానుచేసి, కొలతలను దానినుండియే గ్రహించిరి. బయట వెంట్రుకవాసి తేడా లేదు. కాని లోపల నున్నది స్తంభచక్రపు 321 కాదు. 1968లో దాని స్థానమున వచ్చిన యంత్రపు సంతతి. 321ని చేయు పద్ధతి అప్పటికి మూలబడి యాభై ఏండ్లు కావచ్చినది. దానినికూడ తిరిగి చేయదలచి, 1972 డిసెంబరులో యూజీన్ సెర్నన్ చంద్రునిమీద ధరించిన గడియారమునే టోమోగ్రఫీ పద్ధతిలో, వైద్యులు శరీరమును పొరలు పొరలుగా చూచునట్లు, విప్పకుండ లోపలివరకు చూచి వివరములు సంపాదించిరి. 2019లో ఆ యంత్రము మరల తయారగుచున్నదని ప్రకటించిరి.

జెనిత్‌వారికి అంత శ్రమ కలుగకపోవుటకు కారణము ఒక మనిషి. 1969లోనే జపానులో క్వార్ట్జు గడియారము పుట్టినది. 1970లలో దాని చౌకదనము, కచ్చితత్వము ముందు కమానుతో నడుచు గడియారములు వెలవెలబోయినవి. 1975లో జెనిత్ యజమానులు, వారు అప్పటికి అమెరికాలోని ఒక రేడియో కంపెనీవారు, కమాను యంత్రముల తయారీని నిలిపి పనిముట్లను వదిలించుకొనుడని ఉత్తరువు చేసిరి. ల లోక్ల్ పట్టణములోని కర్మాగారమున పనిచేయుచుండిన షార్ల్ వెర్మో ఆ మాట వినలేదు. అచ్చులను, పనిముట్లను, నకలు పటములను అటకమీదకు చేరవేసి, ప్రతిదానికి చీటీ కట్టి, ఏది ఎక్కడ ఉన్నదో పుస్తకమున వ్రాసి పెట్టెను. 1984లో మరల ఎల్ ప్రిమేరో తయారీ ప్రారంభమైనప్పుడు అవి క్రిందికి దిగినవి. 1988 నాటి రోలెక్స్ డేటోనాలో నడిచినది ఆ యంత్రమే. రోలెక్స్‌వారు దాని కొట్టుళ్లను 28,800కు తగ్గించి వాడుకొనిరి. కాగితముమీది పటము ఉన్నంత మాత్రమున యంత్రము చేయలేము. దానిని కోయు పనిముట్టు, పట్టు అచ్చు, ఆ పని తెలిసిన చేయి మూడును కావలెను.

కొత్త గడియారమునకు ముసలి రంగు పూయుటను గురించి ఒక్క మాట. పాత డయళ్లమీద చీకటిలో వెలుగుటకై మొదట రేడియమును, తరువాత ట్రిటియమును కలిపిన పూతలను వాడిరి. ట్రిటియము అర్ధాయువు 12.3 సంవత్సరములు, కావున 1960ల నాటి వెలుగు ఎన్నడో ఆరిపోయినది. రేడియమునకు అర్ధాయువు 1600 సంవత్సరములు. అది నేటికిని కిరణములు విడుచుచునే యుండును. కాని దాని దెబ్బలకు చుట్టునున్న జింకు సల్ఫైడు స్ఫటికములు పాడయి వెలుగు పోయినది. మిగిలినది ఒక గోధుమవన్నె. నేటి పూత స్ట్రాంషియం అల్యూమినేటు జాతిది. రేడియో ధార్మికత లేనిది. దానికి కావలెనని ఆ గోధుమవన్నెను కలిపి అమ్ముదురు. కొత్త బిందెకు మసిపూసి పాతదనుటవంటిది ఇది.

చివరగా చైనాలో జరిగిన ఉదంతమును చెప్పవలెను. 1961లో టియాన్‌జిన్ నగరమునందలి గడియారముల కర్మాగారమునకు వైమానికదళము కొరకు క్రోనోగ్రాఫు చేయవలసినదిగా పని అప్పగింపబడెను. ఆ పథకము పేరు 304. స్విట్జర్లాండులోని వీనస్ కంపెనీయొక్క 175 అను యంత్రమును చేయు పనిముట్లను వారు కొని తెచ్చుకొనిరి. ఆ వంశపు యంత్రము సీగల్ అను పేరుతో నేటికిని అక్కడ తయారగుచున్నది; స్తంభచక్రము, చేతితో కీ ఇచ్చుట అన్నియు ఉన్నవి. స్విట్జర్లాండులో వీనస్ 175 తయారీ నిలిచిపోయిన తరువాతకూడ దాని సంతతి అక్కడ జీవించుచున్నది. 1963 నాటి ఆ విమానదళపు గడియారమునకు నేడు వచ్చుచున్న పునర్ముద్రణలు 38, 40, 42 మి.మీ. మూడు కొలతలలో దొరకును. మూడింటిలోను యంత్రము ఒకటే. కాబట్టి పరిమాణపు తగవును పరీక్షించుటకు ఇంతకన్న మంచి నమూనా లేదు.

చిన్న డయళ్లమీది ముళ్లు లోపలి చక్రముల ఇరుసులకు తగిలించియుండును. ఆ ఇరుసులకు, గడియారపు మధ్యబిందువునకు గల దూరము యంత్రముతోనే స్థిరపడిపోయినది. కేసును పెంచిన ఆ దూరము పెరుగదు. 38 మి.మీ. కేసులో చిన్న డయళ్లు అంచునకు దగ్గరగా, తమ చోట తాము ఉన్నట్లుండును. 42 మి.మీ.లో కేసుతోపాటు డయలును అదే పాళ్లలో పెరిగినచో మధ్యకు గల వాని సాపేక్షదూరము 42లో 38వ పాలునకు, అనగా ఇంచుమించు నూటికి 90 వంతులకు పడిపోవును. ఆ రెండు చిన్న డయళ్లు ముక్కు దగ్గరకు జరిగిన కన్నులవలె కనబడును. వృత్తలేఖినితో 38, 42 కొలతలను రెట్టింపుచేసి రెండు వృత్తములు గీసి, రెంటిలోను మధ్యబిందువునకు ఇరువైపుల సమానదూరములో రెండేసి చిన్న వృత్తములను గీసి చూచినచో ఈ తేడా తరగతిలో వెనుక బల్లవారికికూడ కనబడును.